చేయెత్తిన రాయి

నేను కంబు, అంటే సజ్జలు, దంచుతుంటే నా భర్త అళగర్‌సామి రోటి పక్కన చతికిలబడ్డాడు. పాత రాళ్ళూ పాడుపడ్డ గుళ్ళూ వెదుక్కుంటూ కుంపిణీ దొర ఒకాయన కినత్తుకడవులో గుడారం వేశాడట, ఆ దొరకు మా ఆయనే దుబాసీ అట. "మీ ఆడోళ్ళ రాయి చూపియ్యి పొన్నూ. చూసి పోతాడు, అంతే" అన్నాడు.

ఆ రాయి మా నల్లరేగడి చేల నడుమ ఉంది. కుడి చెయ్యి పైకెత్తి, మోచేతి దాకా గాజులతో నిలబడ్డ ఆడమనిషి. కొత్త కంబు ఇంటికి రాగానే మా వంశపు ఆడవాళ్ళమే అక్కడికి కూడు తీసుకెళ్తాం, మగవాళ్ళు రారు. ఆమె కథ కోడళ్ళకు అత్తలు చెప్తారు, మగవాళ్ళ చెవిన వెయ్యరు. ఉత్తరం నుంచి వలస వస్తుంటే దారిలో ఆమె మొగుడు పోయాడు. చితి మీద ఆమెకూ చోటు ఉంచారు. వద్దని చెయ్యెత్తి, బిడ్డను చంకనేసుకొని, గాజులతోనే అందరికంటే ముందు నడిచింది. అందుకే మా ఇంట మొగుడు పోయిన ఆడది వెళ్ళి ఆ రాతి చేతికి తన చెయ్యి ఆనించి వస్తుంది. ఆ తర్వాత ఆమె జోలికి గానీ ఆమె గాజుల జోలికి గానీ ఎవరూ పోరు. పెళ్ళయిన కొత్తలో, తలకు నూనె రాస్తూ, ఈ కథ నా భర్తకు చెప్పాను. చివరిదాకా విన్నాడు. అలా వినే మగవాడు దొరికాడని మురిసిపోయాను.

మర్నాడు ఇద్దరినీ చేనికి తీసుకెళ్ళాను. దొర రాయి బొమ్మ గీసుకొని ఏదో అడిగాడు. ఈయన ఇంగ్లీషులో జవాబు చెప్తూ రెండు చేతులూ మంటల్లా ఆడించాడు. దొర టోపీ తీశాడు.

తిరిగి వస్తూ, దొరకు ఏం చెప్పావని నా భర్తను అడిగాను.

"చెయ్యెత్తిన ఆడదంటే నిప్పెక్కిందే అని దొర ముందే అనుకొన్నాడే. కాదంటే మనకేం మర్యాద? వంశానికి పేరొచ్చింది. నీకేం పోయింది?"

ఏం పోయిందో కొద్ది రోజులకే తెలిసింది. ఎన్నడూ అటు రాని మగవాళ్ళు రాయికి సున్నం కొట్టి, పసుపు పూసి, కొబ్బరికాయలు కొట్టారు. మా బావగారు ఆషాఢం నుంచి, మా ఆడి నెల నుంచి, రక్తం కక్కుతూ మంచం మీదే ఉన్నాడు. ఆయన భార్య రక్కమ్మాళ్ అక్క ఆ పొద్దు కూడు వడ్డిస్తోంది. మామయ్య ఆమె వైపు చూడకుండానే అన్నాడు:

"దొర టోపీ తీసిన వంశం మనది. పెద్దోడికి ఏమన్నా అయితే మన మర్యాద మనం నిలపాల. రక్కమ్మ మంచి పిల్ల. తెలిసి నడుచుకుంటాది."

అక్క చేతిలో గరిటె ఆగిపోయింది. నేను నా భర్త వైపు చూశాను. ఆ ఇంట నిజం తెలిసిన మగవాడు ఆయనొక్కడే. ఒక్క మాట చాలు. ఆయన తల ఎత్తకుండా ఉల్లిపాయ కొరికి, "మోరు పొయ్యవే" అన్నాడు.

మజ్జిగ ముంత కింద పెట్టాను. మామయ్య ఎదుట నేను నోరు విప్పడం అదే మొదలు.

"ఆమె కాలలేదు మామయ్యా. బతికి నడిచింది కాబట్టే మనమంతా ఉండాము. ఆమెను కాల్చింది మీ చిన్నకొడుకు. మొన్న, దొర ముందర."