అక్క వైపు తిరిగిన యుఫోనియం

ప్రతి ఆదివారం మధ్యాహ్నం లాండ్రీ మేడమీది హాల్లో తమ్ముడు యుఫోనియం ఊదుతాడు, అక్క పక్కవాయిద్యంగా పియానో వాయిస్తుంది. యుఫోనియం అంటే పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని ఊదే పెద్ద ఇత్తడి బూర. జనం సంగీతం కోసం వస్తారనుకునేరు, అంత ఓపిక ఎవరికుంది! ఆ బూర నోరు ఎవరి వైపుంటే వాళ్ళ అలసట అందులోకి పోయి నీళ్ళవుతుంది. పియానో ఒక్కటే మోగే చోట తమ్ముడు బూర మీట నొక్కి ఆ నీళ్ళు బకెట్‌లోకి వదులుతాడు. కచేరీ అయ్యాక ఎవరో ఒకరు కాలవలో పారబోసి వస్తారు. ఆసుపత్రి నర్సు వచ్చిన వారం రెండు బకెట్లు పెట్టాలి.

అక్క వారమంతా కింద లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. ఆ రోజు మెట్లెక్కేసరికే ఆయాసపడింది.

"ఒరేయ్, ఇవాళ్టితో సరి. ఇక నేను రాను."

"అదేంటక్కా! ఇంతమందికి అలసట తీరుతుంటే నీకేమొచ్చింది?"

"నాకు తీరితే కదరా."

అక్క ఎప్పుడూ అనే మాటేలే అని నవ్వేశాడు. బూర నోరు జనం వైపు, పియానో తన వీపు వెనక. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఒక్కసారైనా తట్టలేదు మహానుభావుడికి!

సగం కచేరీలో అతను ఆగాడు. పియానో అందుకోవాలి, అందుకోలేదు. వెనక్కి తిరిగి చూస్తే అక్క పియానో మీద తల ఆనించి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"నా వల్ల కావట్లేదురా," అంది.

తమ్ముడికి అప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాడు. కుర్చీ అక్క వైపు తిప్పుకుని కూర్చున్నాడు. తన పాట పక్కన పెట్టి, ఇన్నేళ్ళూ అక్క వెనక నుంచి వాయించిన ఆ బరువు స్వరాలే ఊదాడు. ఆ స్వరాలు ఊదడం అదే మొదలు కదా, సగం తప్పులే.

బకెట్ నిండింది. రెండోదీ నిండింది. నర్సు కేకేస్తే జనంలో ఉన్న ఒక బస్సు డ్రైవరు కింద నుంచి బట్టలు నానబెట్టే తొట్టి మోసుకొచ్చాడు. అదీ పొర్లి నీళ్ళు మెట్ల మీదుగా వీధిలోకి కారాయి.

"ఇదంతా ఎలా మోశావక్కా!" తమ్ముడు ఏడుస్తూనే మళ్ళీ బూర నోట పెట్టుకున్నాడు.

"ఏడుస్తూ ఊదకురా, శ్రుతి పోతోంది."

ఆ సాయంత్రం నేల తుడుస్తూ అడిగాడు, "వచ్చేవారం వస్తావా?"

"ముందు ఇవాళ నిద్రపోనీ."

ఆదివారం వచ్చింది. తమ్ముడి కుర్చీ పియానో వైపే ఉంది. జనమే తమ కుర్చీలు మోసుకెళ్ళి పియానో చుట్టూ వేసుకున్నారు. నర్సుకి చోటు దొరకలేదు.

"కాస్త జరగమ్మా," అంది. అక్క బెంచీ మీద జరిగి చోటిచ్చి, వాయించడం మొదలుపెట్టింది. తమ్ముడు వెనక నుంచి మెల్లగా అందుకున్నాడు.