చుక్క ముట్టని యలమంద పాట

రోజీ బంగినపల్లి కాయల్ని తిప్పి చూసి, మచ్చ ఉన్నవాటిని ఎడమ పక్క ట్రేలోకి విసురుతోంది. ఆ రోజు మంచి కాయలు కూడా నాలుగైదు అటే పడ్డాయి. ముప్పై ఆరేళ్ళ మనిషి. చేతుల మీద సొన కాల్చిన నల్లమచ్చలు, ఎడమచేతి వేళ్ళ కొసల్లో గిటారు తీగలకు మొద్దుబారిన చర్మం. వారమంతా నూజివీడు షెడ్డులో మామిడికాయలు, ఆదివారం సొంత పాటలు. చర్చి హాళ్ళలో, కాలేజీ మైదానాల్లో, ఎవరు పిలిస్తే అక్కడ పదేళ్ళుగా పాడుతోంది. ఆమెది గిటారు, మార్టిన్‌ది డ్రమ్స్, యలమందది డప్పు.

యలమంద కాయలు కోసే కూలీ. మూడు వారాల కిందట చెట్టు మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. ఆ తోటను గుత్తకు తీసుకున్న షెడ్డు యజమాని దుర్గాప్రసాద్, తాగి ఎక్కాడని ఊరంతా చెప్పాడు. బుద్ధెరిగి చుక్క ముట్టని మనిషి యలమంద. ఆ మాట చెవిన పడిన రోజే రోజీ పాట కట్టింది. మొన్న ఆదివారం చర్చి వెనక గదిలో కిటికీలకు దుప్పట్లు కట్టి మార్టిన్ దాన్ని రికార్డు చేశాడు. చివర్లో యలమంద డప్పు కోసం అర నిమిషం ఖాళీ వదిలాడు. "బాబాయి లేచాక కొడతాడులే" అన్నాడు.

మధ్యాహ్నం దుర్గాప్రసాద్ షెడ్డుకొచ్చాడు.

"ఏమ్మా రోజీ, సాయంత్రం జంక్షన్లో మన వ్యాపారుల మీటింగులో పాడుతున్నావంట. ఆ చెట్టు పాట మాత్రం వద్దు."

"ఏ పాటండీ?"

"నీకు తెలుసులే."

రోజీ కాయ ముచ్చికను గోటితో పుటుక్కున విరిచింది. సొన చిమ్మి మణికట్టు మీద పడింది. తుడుచుకోలేదు.

నాలుగింటికి హనుమాన్ జంక్షన్‌లో వేదిక ఎక్కింది. రెండు పాటలకు చప్పట్లు కొట్టారు. మూడోది ఎత్తుకుంది.

"తాగి పడలేదు యలమంద,
పుచ్చిన కొమ్మ పుచ్చుకుంది నీ నడుము..."

మైకు ఆగిపోయింది. మార్టిన్ మాత్రం డ్రమ్స్ ఆపలేదు. రోజీ గిటారుతో వేదిక దిగి, కుర్చీల మధ్యనుంచి నడిచి, వెనక నిలబడ్డ కోత కూలీల దగ్గరికెళ్ళింది. అక్కడ గొంతు చించుకుని పాట పూర్తి చేసింది.

దుర్గాప్రసాద్ ఎర్రబడ్డ మొహంతో ఎదురొచ్చాడు. "బుద్ధుందా? రేపట్నుంచి షెడ్డుకి రామాకు."

"రానండీ. తాగాడని ఊరంతా చెప్పారుగా, మీరు వాసన చూశారా అండీ?"

కూలీలెవరూ తల దించుకోలేదు.

రికార్డింగు యలమందకు వినిపించాలని ఆమె నేరుగా బస్సెక్కింది. దీపాలు పెట్టే వేళకు అతని ఇంటికి చేరింది. వాకిట్లో పదిమంది కూర్చుని ఉన్నారు. యలమంద భార్య కనకమ్మ ఆమెను చూసి లేవలేకపోయింది.

"ఇందాకే పోయాడు, అమ్మాయ్. పొద్దున్నించీ ఒకటే పోరు. సాయంత్రం పాటుందంట, చొక్కా ఇస్త్రీ చేయించమన్నాడు. లేవలేనోడికి ఎందుకని తిట్టానమ్మా... మళ్ళీ నేనే చేయించుకొచ్చా."

రోజీకి ఏడుపు రాలేదు. ఎవరినైనా పట్టుకుని కొట్టాలనిపించింది. ఫోను పిడికిట్లో బిగించి గోడకు ఆనుకుంది.

లోపల మంచం తలవైపున కొయ్యకు తెల్లచొక్కా వేలాడుతోంది. ఎన్ని ఉతుకులు ఉతికినా పోని సొన మరకలు కాలరు మీద అలాగే ఉన్నాయి. చేతుల మీద ఇస్త్రీ మడత కత్తి అంచులా నిలిచి ఉంది.