సిపాయి పేరు మీద వాయిదా

పుంగనూరు బస్టాండు పక్కన టీ కొట్టువాడు ముద్దుకృష్ణ దగ్గర డబ్బులు తీసుకోనన్నాడు.

"నీ కాడ తీసుకుంటే నా చెయ్యి పడిపోతాదప్పా. ఎండనకా వాననకా గుడారాల్లో పడుండి మమ్మల్ని కాస్తాండావు. ఒక టీ తాగితే నా కొట్టేం మునిగిపోదులే!"

బెంచీ మీదున్న పెద్దాయన పక్కకు జరిగి చోటిచ్చాడు. ఎవరో పెట్టె అందుకుని ఆటోలో పెట్టారు. 2002వ సంవత్సరం మార్గశిరమాసం. ముద్దుకృష్ణ ఏడాది పొద్దు పడమటి సరిహద్దులో కాపలా కాసి, సెలవు దొరికి ఇంటికి వస్తున్నాడు. ఇంత మర్యాదకు అందరికీ దండం పెట్టి ఆటో ఎక్కాడు.

సిపాయిని గౌరవించడం మన జనానికి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆ గౌరవాన్ని ఇంటి దగ్గర కూర్చుని ఎవడు ఎట్లా వాడుకుంటున్నాడో చూసే తీరికే ఎవరికీ లేదు.

ఊళ్ళో ఆటో దిగి ముందు సేను దగ్గరికే పోయాడు ముద్దుకృష్ణ. చుట్టూ కరువు. గట్టుకు ఇటుపక్క వాళ్ళ నాయన దొరస్వామి టమోటా తోట మాత్రం కట్టెలెక్కి పచ్చగా నవ్వుతోంది. అటుపక్క చెంగమ్మ సేనులో సర్కారు తుమ్మ మోకాలెత్తు లేచింది. రెండు సేండ్లకూ మధ్యలో ఉన్నది ఒకటే బావి. ఇద్దరి తాతలూ కలిసి తవ్వించింది. ఒకరోజు వీళ్ళకు, మరుసటి రోజు వాళ్ళకు నీళ్ళు. ఆ వంతు మూడు తరాలుగా తప్పలేదు. ఇప్పుడు మోటారు స్టార్టరుకు కొత్తగా ఇనుప పెట్టె, దానికి అరచేయంత తాళం వేసుంది.

"నాయనా, చెంగమ్మత్త సేను యాల ఇట్లయిపాయ?"

"మొగుడు పోయినాక ఆడదానితో ఏం సేద్యమవతాదిరా? ఇడిసేసి కుప్పంలో కూతురింటికి పాయ. నువ్వు ఇంటికి పా. నీకోసమని పొట్టేలు కోయిస్తాండా" అన్నాడు దొరస్వామి. మాట్లాడుతున్నంతసేపూ కొడుకు మొహం చూడలేదు.

ఆ సాయంత్రం ఊరు ఊరంతా వచ్చి తిన్నది. తిన్నవాళ్ళంతా కొడుకు భుజం తట్టి, తండ్రి చేతులు పట్టుకుని పోయారు. అందరూ పోయాక ఎంగిలి విస్తర్లు ఎత్తుతున్న భార్య ఆదిలక్ష్మి ఉన్నట్టుండి అంది:

"ఆ యమ్మ సేద్యం ఇడిసిపెట్టలా. మీ పేరు సెప్పి ఇడిపించినారు."

"నా పేరా?"

"మీకు తెలీదా? నిజంగా తెలీదా?" అని అతని మొహంలోకి చూసి, తెలియదని నమ్మకం కలిగాక చెప్పింది.

ముద్దుకృష్ణకు తెలిసింది సగం. 1999లో ఎండాకాలం, కొండల మీద యుద్ధం జరుగుతున్నప్పుడు, తండ్రి ఎట్లాగో యూనిట్‌కు ఫోను చేయించాడు. "నువ్వు లేని టైం సూసి మన బావి లాక్కోవాలని కేసేసినార్రా" అని చెప్పాడు. ఎవరు వేశారో చెప్పలేదు. అడిగే తీరిక ఇతనికీ లేదు. తలమీద గుండ్లు పడుతుంటే ఇంటి దగ్గర ఎవడో భూమి లాక్కుంటున్నాడనగానే రక్తం ఉడికిపోయింది. పై ఆఫీసరు వెన్ను తట్టాడు. "బ్రిటిషువాళ్ళ కాలంనాటి చట్టం ఉంది. యుద్ధం పనిలో ఉన్న సిపాయి కోర్టుకు రాలేడు కాబట్టి, సివిల్ కేసు అతను వచ్చేదాకా ఆగాలి. నీ భూమిని ఎవడూ ముట్టుకోడు" అని ధ్రువపత్రం రాసి పంపించాడు. అదే యూనిట్‌లో బీహారు వాడొకడి భూమిని దాయాదులు మింగబోతే ఆ చట్టమే అడ్డం పడింది. చట్టం మంచిదే. ముద్దుకృష్ణ ఆ రోజు కంటినిండా నిద్రపోయాడు.

తెలియని సగం ఆదిలక్ష్మి చెప్పింది. బావిలో నీళ్ళు అడుగంటేసరికి దొరస్వామి చెంగమ్మ వంతు ఆపేసి తాళం వేశాడు. ఆమె పెద్దమనుషుల చుట్టూ తిరిగి, ఎవరూ పలక్కపోతే పుంగనూరు కోర్టుకెక్కింది. దొరస్వామి వకీలును పెట్టుకున్నాడు. వకీలు అడిగిన మొదటి మాటే, "మీ ఇంట్లో పటాళంలో ఎవురైనా ఉండారా?" అని. ఉన్నాడనగానే బావి ఉన్న సేనును కొడుకు పేరిట రాయించి, కొడుకును కూడా కేసులోకి లాగించాడు.

"ఇంక ఆ పొద్దునుంచీ అంతే. వాయిదా రోజు మన వకీలు లేసి, మావోడు దేశం కోసం సరిహద్దులో ఉండాడు సార్ అనేది. జడ్జి ఇంకో తేదీ ఇచ్చేది. కోర్టు వరండాలో జనం ఆ యమ్మని సూసి, సిపాయి మీద కేసేసిన మహాతల్లి ఈమేనంట అని ఎగతాళి చేసినారంట. ఆవులమ్ముకునింది. ఆ యమ్మ పెట్టుకున్న వకీలు కూడా మొహం సూడ్డం మానేసినాడు."

"మళ్ళీ నేను సెలవుకొస్తి కదా! అప్పుడన్నా చెప్పలేదేమి?"

"అప్పుడు నా పురుడు. మీరు మదనపల్లెలో మా అమ్మోళ్ళింట్లోనే ఉండిపోతిరి. నాకూ ఈ సంగతి తెలిసింది ఈడికొచ్చినాకనే."

యుద్ధం ముగిసి సిపాయి కొండ దిగాడు. వాయిదా మాత్రం దిగలేదు. అతను మామూలు కాపలాలో ఉన్న రోజుల్లో కూడా కోర్టు లెక్కలో సరిహద్దులోనే ఉన్నాడు. నిరుడు మళ్ళీ సైన్యాన్ని సరిహద్దుకు పంపినప్పుడు తండ్రి ఇంకో ధ్రువపత్రం అడిగితే, కళ్ళు మూసుకుని అదీ పంపించాడు.

తెల్లవారి ముద్దుకృష్ణ తండ్రిని నిలదీశాడు. దొరస్వామి దాచలేదు.

"అవునురా. బావిలో నీళ్ళు ఇద్దరికి సాలవు. ఒకరు ఎండాల. నేనెండాల్నా? నీ పెండ్లాం బిడ్డలు ఎండాల్నా? నువ్వు పంపించే దాంతోనే ఇల్లు జరగతాండాదనుకున్న్యావా?"

"దానికి నా పేరే దొరికిందా నాయనా?"

"కొడుకు పేరు తండ్రికి పనికి రాకూడదారా? దేశమంతటికీ పనికొస్తాండావు, నాకు రాకూడదా?"

ముద్దుకృష్ణ చొక్కా తొడుక్కుని బయటికి నడిచాడు. నాయన దుర్మార్గుడు కాడు. కరువు చూసినవాడు. కానీ భయంతో వేసిన తాళమైనా ఎదుటివాడి గొంతుకు పడితే ఉరే కదా.

బస్సెక్కి కుప్పం పోయాడు. చెంగమ్మ ఊరి బయట మల్బరీ తోటలో పట్టుపురుగులకు ఆకు కోసే కూలికి పోతోంది. అతన్ని చూసి కొంగు దులుపుకుని, మొదట అడిగిన మాట "బాగుండావా నాయనా?" అని.

"అత్తా, నాకు తెలీదు. నిజంగా..."

"నేను నీ మీద కేసెయ్యలేదప్పా. మీ నాయన మీదేసినా. మధ్యలో నువ్వు యాడినుంచి వొచ్చినావో నాకు అర్థమే కాలా." ఆకు గంప పక్కన కూలబడింది. "ఒకటి సెప్పు. వాయిదా వాయిదాకీ నువ్వు మంచులో ఉండావనేవాళ్ళు. గుడి ముందర నిలబడితే నాకు నోరు పెగిలేది కాదు. నువ్వు సల్లగా ఉండాలని మొక్కుకోవాల్నా, నా సేను తడవాల కాబట్టి నిన్ను ఆడినుంచి పంపించేయమని మొక్కుకోవాల్నా? నాకు అంత దరిద్రం పట్టించినారు మీ వాళ్ళు."

"సోమవారం వాయిదా ఉండాది. నేను పోతాండా. నువ్వూ రా అత్తా."

"యాడికి? ఆ వరండాలోకా? నా వల్ల కాదు. నీకు పుణ్యముంటాది, నన్ను రమ్మనొద్దు."

సోమవారం పుంగనూరు కోర్టులో వెనక బెంచీలో మామూలు చొక్కా వేసుకుని కూర్చున్నాడు ముద్దుకృష్ణ. కొడుకు వచ్చిన సంగతి దొరస్వామి తన వకీలుకు చెప్పలేదు. కేసు పిలవగానే వకీలు కాగితం కూడా చూడకుండా, అలవాటైన పాఠం అప్పజెప్పినట్టు లేచాడు.

"మా రెండో ప్రతివాది ప్రస్తుతం దేశరక్షణలో, సరిహద్దులో ఉన్నారండీ. వాయిదా ఇప్పించవలసిందిగా..."

"నేను ఈడనే ఉండాను సార్!"

కోర్టంతా వెనక్కి తిరిగింది. వకీలు కళ్ళద్దాలు సర్దుకున్నాడు. ఎవరో కిసుక్కున నవ్వి, జడ్జి చూపు పడగానే నోరు మూసుకున్నారు.

ముద్దుకృష్ణ ముందుకొచ్చి గుర్తింపు కార్డు చూపించాడు. జడ్జి వాది ఎక్కడని అడిగారు. బంట్రోతు వాకిట్లో నిలబడి చెంగమ్మ పేరు పిలిచాడు. ఎవరూ పలకలేదు. వకీలు చప్పున అందుకున్నాడు.

"వాది రాలేదండీ. దావా కొట్టేయాలి."

ఇన్నేళ్ళూ ప్రతివాది రాలేదని ఆపించిన నోరే, ఒక్క రోజు వాది రాకపోయేసరికి కేసే కొట్టేయమంది. సిగ్గనేది ఆ నల్లకోటుకు ఏ జేబులోనూ లేదు.

"బావి ఉన్న భూమి నీ పేరునే ఉంది. నువ్వు ఒప్పుకుంటే కొట్టేయక్కర్లేదు" అన్నారు జడ్జి, ముద్దుకృష్ణ వైపు చూస్తూ. "ఏమంటావు?"

"ఒప్పుకుంటాండాను సార్. ఆ బావిలో ఒక రోజు మాది, ఒక రోజు ఆ యమ్మది. మా తాతల కాలం నుంచీ అంతే. ఇంకో మాట సార్. నేను ఆడ తుపాకీ పట్టుకుని నిలబడింది ఈడ ఆ యమ్మ లాంటోళ్ళు నిమ్మళంగా పండుకోవాలని. నా పేరు సెప్పి ఆ యమ్మని ఊరు ఇడిపించినారు. శత్రువు కూడా నా చేత ఇంత పని చేయించలేకపాయ సార్."

వరండాలో నిలబడ్డ దొరస్వామి తల దించుకుని మెట్లు దిగిపోయాడు. జడ్జి ఒప్పుకోలు రాసుకుని, వంతు ప్రకారం నీళ్ళు వదలమని చెంగమ్మకు అనుకూలంగా తీర్పు ఇచ్చారు. ఏళ్ళ తరబడి ఆగిన కేసు, ఒకడు నిజం చెప్పేసరికి బీడీ కాలేంత సేపట్లో తెగిపోయింది.

ఆ మాట చెప్పడానికి మళ్ళీ కుప్పం పోయాడు. చెంగమ్మ అంతా విన్నది. సంతోషపడినట్టు కనిపించలేదు.

"మంచిదప్పా. నీ సెలవు ఎప్పటిదాకా?"

"ఇంకో వారం."

"నువ్వు రైలెక్కినాక మీ నాయన తాళమేస్తే? తీర్పు జరిపించమని మళ్ళీ ఆ కోర్టుకే పోవాల గదా నేను. అప్పుడు నువ్వు యాడుంటావు?"

ముద్దుకృష్ణ, ఇక నా పేరు మీద ఎవరు వాయిదా అడిగినా ఇవ్వొద్దని కోర్టుకు రాసిచ్చి పోతానన్నాడు. చెప్పినట్టే రాసిచ్చాడు కూడా. కానీ ఆమె సేద్యానికి తిరిగి రాలేదు. ఆవులు లేవు, నడుములో బలం లేదు, నమ్మకం అంతకంటే లేదు. తీర్పు పుంగనూరులో ఉంది, మనిషి కుప్పంలో ఉంది, సేనులో తుమ్మ ఉంది.

దొరస్వామి కొడుకుతో మాట్లాడలేదు. బయల్దేరే రోజు ముద్దుకృష్ణే తండ్రి ముందర నిలబడ్డాడు.

"నాయనా, యుద్ధంలో ఉండే సిపాయి కోసం కోర్టు ఆగాల్సిందే. అది వాడి హక్కు. కానీ వాడి పేరు సాటున ఇంట్లో కూసుని పక్కోళ్ళ నీళ్ళు తాగేవాడి కోసం, కోర్టు ఒక్క పూట కూడా ఆగకూడదు."