చేతికీ చేతికీ మధ్య

వాషింగ్ మెషీన్‌లోంచి తడి దుప్పటి లాగుతూ, పక్కన కారుతున్న కుళాయి కట్టేద్దామని ఎడమ చెయ్యి చాచింది. కుడి చెయ్యి మెషీన్ అంచు మీదే ఉంది. అంతే, రెండు చేతులూ ఆమెవి కాకుండా పోయాయి.

వదిలేద్దామనుకుంటే వేళ్ళు ఇంకా బిగుసుకున్నాయి. కరెంటుకు కండరాలన్నీ ముడుచుకుంటాయని, పిడికిలి బిగించే కండరాలదే పైచేయి అవుతుందని డిగ్రీలో ఎప్పుడో చదివింది. చదివింది నిజమే. ఛాతీ కూడా బిగుసుకుపోయి అరవడానికి ఊపిరి లేదు. మోకాళ్ళు మడతపడి, ఆమె బరువే ఆమెను కిందికి లాగేసింది కాబట్టి బతికింది. హాల్లో టీవీ నడుస్తూనే ఉంది.

ఇదంతా ఆ టీవీ కోసమే. మూడు నెలలుగా మెషీన్ తిరిగినప్పుడల్లా మెయిన్ బోర్డులో ట్రిప్ స్విచ్ పడిపోయేది. ఎక్కడో కరెంటు బయటికి కారుతోందని దాని మొర. టీవీ ఆగిపోతోందని భర్త ఒక ఆదివారం స్క్రూడ్రైవర్ పట్టుకుని, ఆ స్విచ్‌ను తప్పించి తీగలు నేరుగా కలిపేశాడు. "ఇంట్లో సణగడానికి ఒకరు చాలరా?" అని నవ్వాడు. ఫ్యాక్టరీలో పాతికమంది ఎలక్ట్రీషియన్ల మీద సూపర్‌వైజరు ఆయన. ఇదే పని చేసినవాణ్ణి పోయిన ఏడాది నిలబెట్టి ఉద్యోగంలోంచి తీయించానని భోజనాల దగ్గర గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

"మెషీన్ బాగుచేయించండి, ముట్టుకుంటే చెయ్యి చిమచిమలాడుతోంది" అంటే, "పుస్తకాల్లో కరెంటు వేరు, తీగలో కరెంటు వేరు. చెప్పులేసుకో" అన్నాడు. "నాకెప్పుడూ కొట్టలేదే, నీకే ఎందుకు కొడుతుంది?" అన్నారు అత్తగారు. ఆవిడ ఆ మెషీన్ ముట్టుకుని నాలుగేళ్ళు. మూత మోచేత్తో తెరవడం కూడా ఇంటి పనుల్లో ఒకటిగా ఆమె నేర్చేసుకుంది. సిగ్గులేకుండా, ఏడేళ్ళ కూతురికీ నేర్పింది. "అమ్మా, మోచేత్తో, మోచేత్తో!" అని అది ఆటలా గంతులేసేది.

ఆస్పత్రిలో ఛాతీకి అంటించిన తీగల వంక చూస్తూ డాక్టరమ్మ చెప్పింది: "పొడి చర్మమైతే కొంత ఆపేది. తడి చర్మం దారిచ్చేస్తుంది. ఈ చేతి నుంచి ఆ చేతికి వెళ్ళిందంటే గుండె మీదుగానే వెళ్ళింది. లయ తప్పితే గుండె కొట్టుకోదు, వట్టినే వణుకుతుంది. రేపటిదాకా ఇక్కడే ఉండాలి."

"రేపటిదాకానా? అరచేతిలో ఇంత చిన్న మచ్చకా?" అన్నాడు భర్త. "ఇంట్లో అమ్మకి వంటెవరు చేస్తారండీ?"

"పైన మచ్చే ఉంటుంది. లోపల ఎంత కాలిందో మచ్చ చెప్పదు." డాక్టరమ్మ కలం తీసింది. "ఎలా జరిగింది?"

"తడి చేత్తో ముట్టుకుందండీ. వంద సార్లు చెప్పాను, వింటేగా. అన్నిటికీ తొందరే."

పన్నెండేళ్ళుగా ఇలాంటి గదుల్లో ప్రశ్న ఆమెకి, జవాబు ఆయనది. కాన్పు గదిలోనూ అంతే, ఎన్ని గంటలుగా నొప్పులో ఆయనే చెప్పాడు. ఈసారి వంటెవరు చేస్తారన్న మాటకు కూడా ఆమెకు ఏడుపు రాలేదు. ఎల్లుండి ఇంట్లో ఆ మెషీన్ అలాగే ఉంటుంది. తడిబట్టలూ ఉంటాయి. ఆమె పడుకుని ఉంటే, అమ్మకి సాయం చేద్దామని వెళ్ళే చిన్న చెయ్యి ఉంటుంది.

"తడి చెయ్యి నిజమే" అంది డాక్టరమ్మతో. "ప్రాణం కాపాడే స్విచ్‌ని ఈయన తీసేశారు. అదీ నిజమే."

"ఏయ్, ఇంటి సంగతులు ఇక్కడెందుకు?" భర్త ఆమె చెవి దగ్గరకు వంగాడు. "ఆ కాగితం మా ఆఫీసుదాకా వెళ్తే నా గతేమిటో తెలుసా?"

తెలుసు. ఆ సంగతి అన్నం వడ్డిస్తూ విన్నది ఆమే.

"రాసుకోండి డాక్టరమ్మా," అంది, "పక్కనే ఈయన చేసే ఉద్యోగం కూడా."