చిన్న కాగు చాలన్నవాడు

ఆ ఇంట్లో తోటమాలి లాల్ అహ్మద్ మాటకు విలువ లేదు. ఇది అతని అనుమానం కాదు, తేలిపోయిన సంగతి. గులాబీలు నాటింది అతను. ఎండాకాలంలో వాటికి గోనెపట్టాలతో నీడ కట్టింది అతను. చీడ పట్టినప్పుడు ఆకు ఆకూ తుడిచింది అతను. తీరా ఆ పూలతో పన్నీరు కాచడానికి ఏ కాగు కావాలో తేల్చే రోజు వచ్చేసరికి వంటమనిషి పేరమ్మకు నోరు లేచింది, డ్రైవరు వెంకీకి తెలివి పుట్టింది.

ఇల్లు దుబాయ్ అవతల ఫుజైరాలో, కొండల వైపు. గదులు ఎక్కువ, మనుషులు తక్కువ. ముసలి మదామ్ ఒక్కతే ఉంటుంది. కొడుకులు సెలవులకు వచ్చిపోతారు. దుకాణంలో కొన్న పన్నీరు సబ్బు వాసన కొడుతోందనీ, పెరట్లో పూలు పెట్టుకొని కొనుక్కోవడం సిగ్గుచేటనీ మదామ్ ఆ ఫిబ్రవరిలో అన్నది. వెంకీ షార్జా పోయి రెండు రాగి కాగులు తెచ్చాడు. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. రెండింటికీ బోర్లించిన గిన్నెలాంటి మూత, మూతలోంచి వంగిన గొట్టం. గొట్టం చల్లనీళ్ళ తొట్టిలోంచి పోయి సీసాలో దిగుతుంది. చిన్నదానిలో జల్లెడ నిండా రేకులు పడతాయి. పెద్దదానిలో గంపెడు పడతాయి. నచ్చింది ఉంచుకొని రెండోది శుక్రవారం లోపల వాపసివ్వాలని దుకాణంవాడితో మాట. ఏది ఉంచాలో మీరే తేల్చుకోండని మదామ్ వాళ్ళ మీద వదిలేసింది.

"చిన్నది చాలు," అన్నాడు లాల్ అహ్మద్.

"అది కాగేటండీ సాయిబుగారూ? మా ఇంట్లో పిల్లలకి పాలు కాచే గిన్నె దానికంటే పెద్దది," అన్నది పేరమ్మ.

పేరమ్మది రాజోలు దగ్గర లంక గ్రామం. ఆ ఇంట్లో వంటకు కుదిరి చాలా ఏళ్ళయింది. ఆమె నోటికి ముసలి మదామ్ కూడా పక్కకు తప్పుకుంటుంది.

"పన్నీరు సంగతి నీకేం తెలుసు?" అన్నాడు.

"పన్నీరు తెలవదండి. బట్టీ తెలుసు. మా నాన్న గోదారి లంకల్లో కాసేవోడు. ఏం కాసేవోడో అడక్కండి, సాయిబులు వినకూడదు. చిన్న బట్టీ పెట్టినోడు పొద్దంతా పొయ్యి ముందే కూకోవాలనేవోడు. కునుకు తీస్తే మాడిపోద్ది. పెద్దదైతే మంట నిదానంగా తీసుకుంటాది, పొరపాటు చేసినా కాస్త ఓర్చుకుంటాది. అచ్చం మనుషుల్లాగేనండి."

ఆఖరి మాట ఎవరికి తగలాలో వాళ్ళకు తగిలింది.

వెంకీ కరీంనగర్ వాడు. రెండు కాగుల మధ్య గొంతుక్కూచుని గొట్టాలు తడుముతున్నాడు. "నాకొక్కటే భయం చాచా. పోలీసోడొచ్చి గీ గొట్టం జూస్తే గులాబీలని జెప్పినా నమ్మడు. చిన్నదా పెద్దదా అని కూడా అడగడు. ముగ్గుర్ని ఒక్కతీరుగనే పట్కపోతడు."

"నవ్వండి. నవ్విన నాపచేనే పండుతాది," అని లాల్ అహ్మద్ చిన్న కాగును చంకన పెట్టుకొని పోయాడు, ఎవరో లాక్కుంటారన్నట్టు.

అతని పట్టుదలకు కారణం ఉంది. ఆ కారణం ఎవరికీ చెప్పలేదు. అందరికీ తెలుసు.

అతని భార్య హబీబున్నీసా రెండేళ్ళ కిందట, కరోనా రెండోసారి ఊళ్ళను ఊడ్చేసినప్పుడు, ప్రొద్దుటూరు ఆసుపత్రిలో పోయింది. విమానాలు ఆగిపోయిన రోజులు. మట్టి వేయడం అతను ఫోనులో చూశాడు. ఆ తర్వాత సెలవు ఇస్తామన్నా పోలేదు. పోయి ఎవరి ముఖం చూడాలి అన్నాడు. ఇప్పుడు మార్చి చివర పోతున్నాడు. తన చేత్తో పెంచిన పూలతో, తన చేత్తో కాచిన పన్నీరు ఒక సీసాడు, ఆమె సమాధి మీద పోసి ఫాతిహా చదివించాలని మనసులో పెట్టుకున్నాడు. అందుకోసం బిగుతు మూత ఉన్న గాజుసీసా ఒకటి కొన్నాడు. రోజూ దాన్ని కడిగి కిటికీలో బోర్లిస్తాడు. ఖాళీ సీసాను అన్నిసార్లు కడిగే మనిషిని చూశాక ఇక చెప్పేదేముంది?

పెద్ద కాగులో కాస్తే అది అందరి పన్నీరు. అతిథుల చేతుల మీద చల్లేదీ, కాఫీలో పోసేదీ, కొడుకుల ఇళ్ళకు డబ్బాల్లో పోయేదీ అదే. అందులోంచి ఒక సీసా ముంచుకొని పోవడం అతనికి ఇష్టం లేదు. బతికున్నంత కాలం హబీబున్నీసాకు వచ్చినదంతా ముంచుకున్నదే. అతను ఇక్కడి నుంచి పంపిన చీరైనా దుప్పటైనా అత్తకూ ఆడబిడ్డలకూ పంచాక మిగిలితేనే ఆమెది. ఇదొక్కటైనా మొదటి చుక్క నుంచి ఆమెదే కావాలి. దానికి చిన్న కాగే సరైనది. ఇందులో వాదించడానికి ఏముందో అతనికి అర్థం కాలేదు.

గురువారం తెల్లవారుతుండగానే పూలు కోశారు. ఎండ తగిలితే రేకులో వాసన ఎగిరిపోతుందని ముగ్గురూ వంగి కోశారు. బయటి వంటింట్లో రెండు పొయ్యిలు వెలిగించారు. ఒక పొయ్యి మీద లాల్ అహ్మద్ చిన్న కాగు, రెండో పొయ్యి మీద పేరమ్మ పెద్ద కాగు. మూతల అంచులకు గోధుమపిండి ముద్ద అంటించి ఆవిరి పోకుండా మూశారు. ఆ పని పేరమ్మ చకచకా చేసింది. లాల్ అహ్మద్ పిండి ఎండి పెచ్చులూడింది. మళ్ళీ పెట్టాడు.

"సాయం చెయ్యమంటారా?"

"వద్దు."

"నేను కాగుకే చేస్తానండి, మీకు కాదు."

"వద్దంటే వద్దు."

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి," అని పేరమ్మ తన పొయ్యి మంట తగ్గించి, మోడా మీద కూర్చుని వెల్లుల్లి ఒలుచుకోసాగింది. పెద్ద కాగు దాని మానాన అది మరుగుతోంది. చిన్న కాగు అలా కాదు. మంట కాస్త పెంచితే ఎగిసిపడుతుంది, తగ్గిస్తే అలుగుతుంది. లాల్ అహ్మద్ దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని మీట తిప్పుతూ, చెవి దగ్గర పెట్టి వింటూ, తొట్టిలో నీళ్ళు వేడెక్కితే పారబోసి చల్లవి పోస్తూ ఒళ్ళంతా తడిసిపోయాడు.

"చాచా, కొత్త పెండ్లాం కూడా గింత సేవ జేపిచ్చుకోదు," అన్నాడు వెంకీ.

"నీకు పెళ్ళయిందా?"

"కాలే."

"అయినాక మాట్లాడు."

మొదటి చుక్క చిన్న కాగుదే పడింది. సీసా అడుగున టప్పుమన్నది. లాల్ అహ్మద్ తల ఎత్తలేదు కానీ అతని వీపు నిటారైంది. చుక్క చుక్కగా సీసా నిండుతుంటే బయటి వంటిల్లు, వాకిలి, కారు షెడ్డు అన్నీ గులాబీ అయిపోయాయి. ముసలి మదామ్ కర్ర పట్టుకొని తలుపు దగ్గరికి వచ్చి, వాసన చూసి, "మాషా అల్లా" అని లోపలికి పోయింది. పేరమ్మ వచ్చి సీసా మూతి దగ్గర ముక్కు పెట్టింది. చాలాసేపు పెట్టింది.

"బాగుందండి," అన్నది. ఆమె నోట ఆ మాట రావడం లాల్ అహ్మద్ ఎప్పుడూ వినలేదు. "నాదానికంటే బాగుంది. మా నాన్నైనా ఒప్పుకునేవోడు. ఉంచండి చిన్నదే. రేపు పెద్దది పంపేద్దాం."

గెలిచిన మనిషికి చెప్పుకోవడానికి ఒకరు కావాలి. లాల్ అహ్మద్‌కు మిగిలింది మరదలు రహీమాబీ. హబీబున్నీసా చెల్లెలు, అదే వీధిలో ఉంటుంది. ఫోను కిటికీ చువ్వలకు ఆనించి, వీడియో కలిపి, సీసా ఎత్తి చూపించాడు.

"చూడు రహీమా. మా పూలే. నేనే కాసినా. మీ అక్క మట్టి మీద పోయడానికి తెచ్చాండా. దీంట్లో ఇంకెవరికీ వాటా ల్యా."

అవతల రహీమాబీ చేట పక్కన పెట్టింది. ఏదో అనబోయి ఆగింది.

"ఏంది?"

"ఏంల్యా బావా. తీసుకరా. మంచిదే."

"ఏందో చెప్పు."

"చెప్తే నీకు కోపమొచ్చాది."

"ఇప్పుడు మాత్రం రాలేదా?"

"అక్కకు గులాబీ వాసన పడదు గదా బావా," అన్నది రహీమాబీ. "చిన్నప్పట్నించీ అంతే. తల పగిలిపోతాదనేది. మీ నిఖా దినం పన్నీరు చల్లినారని పెరట్లోకి పోయి కక్కుకున్నె. నీకు తెలవదా?"

లాల్ అహ్మద్ సీసా దించలేదు. దించాలని తోచలేదు.

"మరి నేను తెచ్చిన అత్తరు? వచ్చినప్పుడల్లా తెచ్చినా గదా."

"అవన్నీ నాకే ఇచ్చె. మన వీధిలో ఎవరి పెండ్లికి పోయినా నేను దుబాయ్ అత్తరు పూసుకోని పోతి. అందరూ నన్ను షేక్ పెండ్లాం అనేవాళ్ళు."

వెంకీ నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నాడు. పేరమ్మ వాడి కాలు తొక్కింది.

"నాకెందుకు చెప్పలేదు ఆమె?"

"నువ్వు అడగల్యా. అంత దూరం నించి తెచ్చినాడు, వద్దంటే బాధపడతాడని ఆమె చెప్పల్యా." రహీమాబీ గొంతు తగ్గింది. "ఆమెకు వామంటే పానం బావా. ఇంత గిన్నె పెట్టి వాము కాసేది. వీధిలో ఏ బిడ్డకు కడుపునొప్పొచ్చినా అక్క తలుపే కొట్టేవాళ్ళు. ఇల్లంతా వామే, కొంగంతా వామే. నువ్వు సెలవకు వచ్చిన నెల మాత్రం గిన్నె అటక మీదికి పోయేది. మందులషాపు కంపు అని నువ్వే అంటివంట గదా."

అన్నాడు. ఎప్పుడన్నాడో గుర్తు లేదు, కానీ అది తన మాటే. అంత మోటుగా ఇంకెవరూ అనరు.

"సరే," అని ఫోను ఆపేశాడు.

పెద్ద కాగు ఇంకా బుడబుడమంటోంది. లాల్ అహ్మద్ పొయ్యి ముందు కూర్చున్నాడు. ఇన్నేళ్ళు కాపురం. కలిపి చూస్తే ఒక ఇంట్లో ఉన్నది ఎంత? ఆ ఉన్న కాలంలో కూడా ఆమె గిన్నె అటక మీద, అతని అత్తరు చెల్లెలి ఇంట్లో. మోసం ఎవరు చేశారో తేల్చుకుందామనుకున్నాడు. ఎంత తిప్పి చూసినా తప్పు ఆమె మీదికి రాలేదు. అతనికి ఇది అలవాటు లేని పరిస్థితి.

పేరమ్మ వెల్లుల్లి చేట తీసుకొచ్చి అతని పక్కనే కూర్చుంది. ఒలిచింది, ఊదింది.

"మా ఆయనకి నేను వండే చేపల పులుసు ఇష్టమనుకునేదాన్నండి," అన్నది. "పెళ్ళైన పదేళ్ళకి చెప్పాడు, చేపంటేనే పడదంట. ముల్లు దిగినట్టు మింగేవోడంట. ఒక్కటి ఇచ్చుకున్నాను చెంప మీద."

"చెప్పినందుకా, చెప్పనందుకా?"

"రెండిటికీనండి."

లాల్ అహ్మద్ నవ్వలేదు. కానీ లేచాడు. సీసా ఆమె చేట పక్కన పెట్టి, "బిర్యానీలో పోసుకో," అన్నాడు.

"ఇదా? మొత్తమా?"

"మదామ్ ఇంటి పూలు. మదామ్ ఇంట్లోనే తినండి."

తర్వాత అతను బజారుకు పోయాడు. మధ్యాహ్నం నమాజు దాటాక గోనెసంచి భుజాన వేసుకొని వచ్చాడు. బయటి వంటింట్లో దించి మూతి విప్పాడు. వాము. ఒక బస్తా వాము. వెంకీ వాసన చూసి మూడుసార్లు తుమ్మాడు.

పేరమ్మ అప్పటికి పెద్ద కాగులోని పన్నీరు డబ్బాల్లో పోసి, కాగు కడిగి బోర్లించింది. లాల్ అహ్మద్ దాన్ని మళ్ళీ పొయ్యి మీదికి ఎక్కించాడు. ఒక్కడివల్ల కాలేదు. పేరమ్మ ఒక చెవి పట్టుకుంది, ఈసారి అతను వద్దనలేదు.

"చిన్నది ఉంచుకుందామన్నారు గదండీ."

"చిన్నది వాపసిచ్చెయ్యమను."

"పొద్దున్న గెల్చింది అదేనండి."

"ఇదే ఉంచండి. చిన్నదాంట్లో పట్టదు."

"దేనికండీ ఇంత వాము? ఊరికి ఎన్ని బుడ్లు మోసుకెళ్తారు?"

"మా వీధి పెద్దది," అన్నాడు లాల్ అహ్మద్. "పిల్లలు ఎక్కువ."

పేరమ్మ గోధుమపిండి తీసింది. పిండి ముద్ద కలిపి మూత అంచు చుట్టూ తనే పెట్టింది. మంట నిదానంగా పెట్టింది. గంట గడిచేసరికి గులాబీ ఎక్కడ ఉండేదో కూడా తెలియలేదు. వాకిలి, షెడ్డు, ముసలి మదామ్ గది, అన్నీ వాము ఘాటు. మదామ్ కర్రతో తలుపు కొట్టి ఎవరికి జబ్బు చేసిందని అడిగింది. ఎవరికీ లేదని పేరమ్మ అరబీలో సర్ది చెప్పింది. లాల్ అహ్మద్ కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి. పొగ అన్నాడు. అది ఆవిరి, పొగ కాదు. ఎవరూ దిద్దలేదు.

రాత్రి భోజనానికి బిర్యానీ వచ్చింది. ముసలి మదామ్ రెండోసారి పెట్టించుకుంది. వెంకీ ప్లేటు నాకాడు. లాల్ అహ్మద్ కిందికి చూస్తూ తిన్నాడు, మెతుకు వదల్లేదు. చేయి కడుక్కుంటూ ఉప్పు ఎక్కువైందన్నాడు.

"ఉప్పు సరిపోయిందండి," అన్నది పేరమ్మ. "గులాబీయే ఎక్కువైంది."

"చాచా," అన్నాడు వెంకీ, ఊరుకోలేక. "ఇంతకీ చాచీ నిఖా రోజు నిజంగనే కక్కుకున్నదా? నీకు తెల్వనే తెల్వదా?"

లాల్ అహ్మద్ తువాలుతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు.

"పెద్ద కాగు ఉంటాది. చిన్నది రేపు పోతాది. నువ్వే తీసుకపో," అన్నాడు. "మిగతాది నన్ను అడగొద్దు. ఇప్పుడు అడగొద్దు, నేను ఊరికి పోయొచ్చినాక అడగొద్దు. ఆ మాట నా నోట ఇంక రాదు. ఖలాస్."

రాలేదు కూడా.