పెద్ద బొట్టు, చిన్న బొట్టు

లక్ష్మీదుర్గ మా ఆవిడ శకుంతలకి చెల్లెలు. బాపట్లలో ఉంటుంది. ఆవిడ పెద్దకర్మకి ముందురోజు వచ్చి మా ఇల్లంతా కడిగించింది. కడిగించమని నేను అడగలేదు.

శకుంతలకి ఒక అలవాటు ఉండేది. నుదుటి మీంచి తీసిన స్టిక్కర్ బొట్టుని చెయ్యి ఎక్కడ ఆనితే అక్కడ అంటించేది. అద్దానికి, ఫ్రిజ్ తలుపుకి, మంచం కోడుకి. రోజువారీకి చిన్న బొట్టు. పెళ్లికో పేరంటానికో వెళ్లొస్తే పెద్ద బొట్టు. ఇంట్లో ఎటు చూసినా ఎర్ర చుక్కలే. దుర్గ వాటన్నిటినీ గోటితో పీకి చేటలో పోసి చెత్తలో పారేసింది.

"కనపడినప్పుడల్లా బాధ కదా బావా, అందుకని తీసేశా" అంది.

బాధ ఎవరికో చెప్పలేదు. నేను పంతులుగారి దగ్గరికి వెళ్లొచ్చేసరికి అద్దం ఖాళీగా ఉంది.

మర్నాడు భోజనాలయ్యాక శకుంతల చీరలు చుట్టాలు పంచుకున్నారు. పంచుకోనిచ్చాను. తర్వాత దుర్గ కొడుకు దీపక్ శకుంతల బల్ల దగ్గరికి వెళ్లి, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన నల్ల డబ్బీని చేతిలోకి తీసుకున్నాడు. పక్కనే ఆవిడ హెడ్‌ఫోన్ ఉంది.

"అది అక్కడ పెట్టు" అన్నాను.

"నీకెందుకు పెదనాన్నా ఇది? దీన్ని డాక్ అంటారు. ఫోన్లో పాటనో కంప్యూటర్లో పాటనో శుభ్రం చేసి హెడ్‌ఫోన్‌కి ఇస్తుంది. పెద్దమ్మని కొనుక్కోమని చెప్పింది నేనే."

"చెప్పింది నువ్వు. కొనుక్కుంది ఆవిడ."

"నీకు కలపడం కూడా రాదు. మూలనపడి పాడైపోద్ది."

వాడన్నదాంట్లో అబద్ధం లేదు. వాడు గుంటూరులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. నేను వేమూరు పక్కన మా ఊరి బళ్లో చదివినంత చదివి నాగలి పట్టినవాణ్ణి. శకుంతల తెనాలి పోస్టాఫీసులో పని చేసింది. రిటైరయ్యాక మధ్యాహ్నం అన్నాలయ్యాక ఓ గంట ఆ హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్లు మూసుకునేది. ఆ గంటలో ఎవరూ పిలవకూడదు. ఒకసారి అడిగాను.

"ఏంటి అంతగా వింటున్నావ్?"

"వీణ. తీగ మీద వేలు జారే చప్పుడు కూడా వినపడుద్ది దీంట్లో."

"చప్పుడు వినడానికి ఇంత డబ్బానా?"

"డబ్బా కాదు, డబ్బీ" అని నవ్వింది.

దీపక్ చేతిలోంచి డబ్బీ తీసుకుని బల్ల మీద పెట్టాను.

"సంవత్సరీకానికి వస్తారుగా. అప్పటికి నేను దీన్ని పాడించకపోతే పట్టుకుపో. పాడిస్తే మళ్లీ దాని పేరెత్తకూడదు. ఫోన్లో పాటా, కంప్యూటర్లో పాటా రెండూ పాడిస్తా."

"మాట మాటే" అన్నాడు దీపక్.

వాడి నాన్న మధుసూదన్, నా తోడల్లుడు, వక్కపలుకు నములుతూ నవ్వాడు. "ట్రాక్టరనుకున్నారా అన్నయ్యగారూ, తాళం తిప్పితే స్టార్టవడానికి?"

నలుగురూ నవ్వారు. వాళ్ల నవ్వులు నాకు గుర్తున్నాయి.

ధాన్యం ఇంటికొచ్చేదాకా డబ్బీ జోలికి వెళ్లలేదు. తర్వాత కూర్చున్నాను. ఒక పక్క రెండు బెజ్జాలు, రెండూ ఒకేలా ఉన్నాయి. పక్కన అక్షరాలేమైనా ఉండేవేమో, అరిగిపోయాయి. రెండో పక్క హెడ్‌ఫోన్‌ది గుండ్రటి బెజ్జం. హెడ్‌ఫోన్ తీగని ఫోన్‌కి పెడదామంటే ఫోన్‌కి అలాంటి బెజ్జమే లేదు. పాడితే ఈ డబ్బీలోంచే పాడాలి.

నా ఛార్జర్ తీగని శకుంతల ఫోన్‌కీ డబ్బీకీ పెట్టాను. డబ్బీలో ఎర్ర దీపం ఒకసారి కొట్టుకుని ఆరిపోయింది. రెండో బెజ్జంలో పెట్టాను. దీపం నిలబడింది గానీ పాట ఫోన్లోంచే వచ్చింది. ఫోన్ ఛార్జింగు కళ్ల ముందే దిగిపోయింది. డబ్బీ తాగుతోంది, పలకడం లేదు.

దుర్గ ఫోన్ చేసింది. "ఏం బావా, పాడిందా?"

వెనక నుంచి దీపక్ గొంతు. "గ్రామఫోన్ ముల్లు మార్చి చూడమను అమ్మా!"

వాణ్ణి అడిగితే నిమిషంలో చెప్పేవాడు. అడగలేదు. అడిగితే అది వాడిదైపోతుంది.

తెనాలి వెళ్లాను. సెల్‌ఫోన్ల షాపులో కుర్చీలో ఉన్నాయన డబ్బీని అటూ ఇటూ తిప్పాడు.

"ఇవన్నీ ఎందుకు పెద్దాయనా, వైరు లేనివి వచ్చాయి. చెవిలో పెట్టుకుంటే చాలు."

"నేను కొనడానికి రాలేదు. దీన్ని పాడించడానికి వచ్చాను."

"పాతదండి. పని చెయ్యదు."

"పాతదైతే పని చెయ్యదా? నన్ను చూసి చెప్పు."

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. ఒక కొత్త తీగ ఇచ్చి, ఇది పెడితే పాడుతుందన్నాడు. పాడలేదు.

రేపల్లె బండెక్కాను. అక్కడ దేవదానం ఉన్నాడు. బళ్లో నా పక్కన కూర్చునేవాడు. చాలాకాలం మైకుసెట్టు అద్దెకిచ్చాడు, ఇప్పుడు ఫ్యాన్లు బాగుచేస్తున్నాడు. డబ్బీని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.

"చచ్చిందిరా ఇది."

"చావలేదు. దీపం వెలుగుద్ది."

తన షాపులో ఛార్జర్‌కి తగిలించాడు. టీ తాగాం. వచ్చి చూస్తే ఎర్ర దీపం కదలకుండా నిలబడి ఉంది.

"అవును, చావలేదు. ఆకలి" అన్నాడు. "ఇన్నాళ్లూ దీన్ని కడుపు మాడ్చావ్. ఫోన్ పెట్టేది దీనికి చాలదురా, ఆ ఫోన్‌కే దిక్కు లేదు. రెండు బెజ్జాలు ఎందుకు పెట్టారనుకున్నావ్? ఒకటి కూటికి, ఒకటి మాటకి. గోడ నుంచి కూడు పెట్టు, ఫోన్ నుంచి మాట పెట్టు. రెండూ ఒక్కసారే."

"ఏ బెజ్జం దేనికి?"

"నాకేం తెలుసు? నేను మైకుసెట్టోణ్ణి. ఇంకో పేచీ ఉంది. తీగల్లో కొన్ని కరెంటే మోస్తాయి, పాట మొయ్యవు. చూడ్డానికి అన్నీ నల్లగానే ఉంటాయి."

"మరెలారా?"

"వాడిన మనిషిని అడుగు" అన్నాడు. అని నాలిక కరుచుకున్నాడు.

వచ్చేటప్పుడు బండిలో కిటికీ పక్కన కూర్చుని ఆ మాటే తిప్పుకున్నాను. తిట్టాలనుకున్నాను వాణ్ణి. వేమూరు వచ్చేసరికి తిట్టాలనిపించలేదు.

శకుంతల బల్లకి ఒక సొరుగు ఉంది. అందులో ఆవిడ తీగలున్నాయని తెలుసు. ఆవిడ పోయాక దాన్ని నేను తెరవలేదు. ఆవేళ తెరిచాను. తీగలన్నీ చుట్టలు చుట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి ఉన్నాయి. అన్నీ నల్లవే. ఒక తీగ కొసన ఎర్రగా పెద్ద బొట్టు. ఇంకో తీగ కొసన చిన్న బొట్టు.

డబ్బీని కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి వెలుతురులో ఏటవాలుగా పట్టుకున్నాను. ఒక బెజ్జం పక్కన గుండ్రంగా పెద్ద మరక. రెండో దాని పక్కన చిన్న మరక. బొట్ల జిగురుకి దుమ్ము అంటుకుని నల్లబడ్డ మరకలు. దుర్గ గోరు బొట్టుని పీకింది. జిగురుని పీకలేకపోయింది.

ఇల్లంతా ఊరికే అంటించింది కాబట్టి ఇక్కడా ఊరికే అంటించిందనుకున్నారు వాళ్లు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి, చూసి ఉంటే.

పెద్ద బొట్టు తీగ పెద్ద మరక పక్కన పెట్టి ఛార్జర్‌కి కలిపాను. ఎర్ర దీపం. చిన్న బొట్టు తీగ చిన్న మరక పక్కన పెట్టి ఫోన్‌కి కలిపాను. దీపం పచ్చగా మారింది. ఫోన్ నోరు మూసుకుంది. హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను.

పాడింది.

శకుంతల కంప్యూటర్ ఇంకా మొండిది. తీగ పెట్టినా పాట దాని నోట్లోంచే వచ్చేది. తిప్పలు పడగా పడగా తెలిసింది. తెర కింద మూలన స్పీకర్ బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కితే పేర్లు వస్తాయి. అందులో డబ్బీ పేరు ఎంచుకోవాలి. ఎంచుకోకపోతే కంప్యూటర్ తన గొంతే వినిపిస్తుంది, కొందరు చుట్టాల్లాగా.

సంవత్సరీకానికి అందరూ వచ్చారు. భోజనాలయ్యాయి. దీపక్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏం పెదనాన్నా, తీసుకెళ్లనా మరి?"

బల్ల దగ్గర కూర్చున్నాను. పెద్ద బొట్టు తీగ. ఎర్ర దీపం. చిన్న బొట్టు తీగ, ఫోన్. పచ్చ దీపం. ఫోన్లోంచి తీసి కంప్యూటర్‌కి పెట్టాను. మూలన బొమ్మ నొక్కాను. పేరు ఎంచుకున్నాను. పాట పెట్టాను. తెర మీద గీత కదులుతోంది. గదిలో చప్పుడు లేదు.

దీపక్ మొహంలో నవ్వు తగ్గింది. "కలపడం బానే ఉంది. ఏదీ, ఇలా ఇవ్వు, విని చూస్తా."

"పాడిస్తానన్నాను. నీకు వినిపిస్తానన్లేదు."

"వినకుండా నమ్మేదెలా?"

సౌండు పూర్తిగా పెంచి హెడ్‌ఫోన్‌ని బల్ల మీద బోర్లా పెట్టాను. దాని అంచుల్లోంచి సన్నగా వీణ కారింది. దోమ రొదంత. అందరూ ఊపిరి బిగపట్టి ముందుకు వంగారు. మధుసూదన్ వక్కపలుకు నమలడం ఆపాడు.

అంతే. వాళ్ల వాటా అంత.

సౌండు తగ్గించి హెడ్‌ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. దుర్గ కళ్లు తుడుచుకుంటోంది.

"బావా, ఒక్కసారి నా చెవిన పెట్టండి. అక్క ఏం వినేదో నేనూ వింటా."

డబ్బీని తిప్పి ఆమెకి చూపించాను. నల్లటి మరకలు రెండూ. ఆమెకి ముందు అర్థం కాలేదు. తీగల కొసన ఉన్న బొట్లు చూశాక అర్థమైంది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"పీకేముందు అడగాల్సింది దుర్గా."

"నాకేం తెలుసు బావా..."

"అందుకే అడగాల్సింది."

"మరీ అంత పంతమా అన్నయ్యగారూ? వదినగారి సొంత చెల్లెలు" అన్నాడు మధుసూదన్.

"పంతమే" అన్నాను.

దీపక్ ఏదో అనబోయాడు. హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. వాడి పెదాలు కదిలాయి. దుర్గ పెదాలు కదిలాయి. మధుసూదన్ చేతులు తిప్పుతూ చెప్తున్నాడు. మధ్యాహ్నం అన్నాలయ్యాక గంట అది. ఆ గంటలో ఎవరూ పిలవకూడదు.

కళ్లు మూసుకున్నాను. తీగ మీద వేలు జారింది.