పది నెలల ఆయాలు

ముందు బకెట్టు వచ్చి గేటు బయట పడింది. దాని వెనక చీపురు. ఆ వెనక మునిరత్నమ్మ.

పుంగనూరు దగ్గరి ఆ ఊరి ప్రాథమిక పాఠశాలలో సోమవారం ప్రార్థన ఇంకా ముగియలేదు. అరవై మంది పిల్లలు జోడించిన చేతులతో చూస్తున్నారు. తొమ్మిదేళ్లుగా వాళ్ల మరుగుదొడ్లు కడిగిన ఆయాను కాంట్రాక్టరు గురుమూర్తి మనుషులు రెక్క పట్టుకుని లాక్కొచ్చారు.

"నేనేం తప్పు జేసినానప్పా? అదొక్కటి సెప్పండి, పోతాను" అంటోంది ఆమె.

హెడ్మాస్టరు హాజరు పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

గేటు బయట రేష్మ నిలబడి ఉంది. ఈ రోజు నుంచి ఈ బడికి ఆయా రేష్మ అని రాసిన కాగితం ఆమె చేతిలో ఉంది.

"సూస్తాండావేమ్మా? సీపురు తీసుకుని లోపలికి పో" అన్నాడు గురుమూర్తి.

రేష్మ తీసుకుంది. ఈ మాట దాచకుండా చెప్పాలి. ఆమె డీఎడ్ చదివింది. రెండేళ్లపాటు మదనపల్లెలో ప్రైవేటు బడుల మెట్లన్నీ ఎక్కి దిగింది. తర్వాత కబురు చేస్తామన్న వాళ్లే అందరూ. పిల్లలకు పాఠం చెప్పాల్సిన మనిషి టమాటా మండీలో పుచ్చిన కాయలు ఏరేసే పనిలో నడుం విరగ్గొట్టుకుంది. భర్త లారీ మీది నుంచి పడి మంచం పట్టాడు. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. అందుకే మునిరత్నమ్మ ముఖం చూడకుండా పక్క నుంచి లోపలికి నడిచింది.

వారం తిరక్కుండానే హెడ్మాస్టరుకు ఆమె చదువు సంగతి తెలిసింది. "టీచరు పోస్టు ఖాళీగా ఉండాది గదా, ఒకటో తరగతి కూడా సూసుకోమ్మా" అన్నాడు. పొద్దున మరుగుదొడ్లు, పదింటి నుంచి అక్షరాలు. ఆయా పేరు మీద సర్కారుకు టీచరు కూడా దొరికింది. యాసిడ్‌కు రేష్మ వేళ్లు పగిలాయి. చాక్‌పీసు పట్టుకుంటే మంట.

ఒక సాయంత్రం బడి వదిలేసరికి గేటు దగ్గర మునిరత్నమ్మ కనిపించింది. రేష్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

"తిట్టేదానికి రాలా పాపా. యాసిడ్ ఊరికే పోసేస్తాండావంట, పిల్లోళ్లు సెప్పినారు. ముందు బకెట్లో నీళ్లు పెట్టుకో. ఆనక రవంత యాసిడ్ పొయ్యి. ల్యాకుంటే ఇట్లయితాయి." ఆమె చేతులు చాపింది. మూడు వేళ్లకు గోళ్లు లేవు.

రేష్మకు ఏడుపొచ్చింది. "నీ పని లాక్కున్నా కదక్కా."

"నువ్వు లాక్కోలా. వాడు నీ సేతికిచ్చినాడు. పోయినేడు వాడొచ్చినాక నాతో కూడా ఏదో కాగితానికి ఏలిముద్ర ఏయించుకున్నాడు. నాకు సదువు రాదు. నీదన్నా సదివినావా?"

రేష్మ అప్పుడు చదివింది. పై వరుసలో తన పేరు చూసుకుని మురిసిందే తప్ప కింది చిన్న అక్షరాల జోలికి పోలేదు. పది నెలలకే పని. ఏప్రిల్‌తో సరి. పాతవాళ్లను మళ్లీ తీసుకోరు. కార్మిక సంఘంలో చేరితే ఆ పది నెలలు కూడా ఉండవు.

"అంటే నా తరవాత ఇంకొకామె వస్తాది."

"వస్తాది. నీ మాదిరే ఆకలితో వస్తాది."

ఆ ఆదివారం మదనపల్లెలో, సంఘం వాళ్ల గదిలో, తీసేసిన ఆయాలు నలభై మంది చేరారు. మునిరత్నమ్మ వెంట వచ్చిన రేష్మను చూడగానే వి.కోట వైపు నుంచి వచ్చిన ప్రమీలమ్మ లేచింది.

"దీన్ని యాల తెచ్చినావు మునిరత్నా? మన నోటికాడి కూడు లాక్కున్నోళ్లు వీళ్లే గదా!"

"లాక్కున్నా" అంది రేష్మ. "మా పొయ్యి ఎలగాలని లాక్కున్నా. రేపు నాది ఇంకొకరు లాక్కుంటారు. మీరు నన్ను కొట్టండి, నేను ఆమెను కొడతా. గురుమూర్తి కుర్సీలో కూసోని సూస్తాంటాడు."

ఆమె అందరి కాగితాలూ తీసుకుని ఒక్కొక్కటే పైకి చదివింది. పేర్లే వేరు, మాటలన్నీ ఒకటే. నాలుగో కాగితానికి వెనక కూర్చున్నవాళ్లు ముందుకు జరిగారు.

"అయితే ఏం జేద్దామంటావు?" ప్రమీలమ్మ కూర్చుంటూ అడిగింది.

"కుప్పంలో గురుమూర్తి కొత్తోళ్ల ఎంపిక పెట్టినాడు. ఆ పనికి ఒప్పుకోవద్దని వచ్చేవాళ్లతో మాట్లాడదాం. ఒక్కొక్కరితో."

"కడుపు కాలతాంటే ఇంటారా వాళ్లు?"

"ఆ పొద్దు గేటుకాడ నాకు ఎవరన్నా సెప్పుంటే నేను ఇనుండేదాన్నో లేదో నాకే తెలీదు. అయినా సెప్పల్ల."

కుప్పంలో కల్యాణమండపం ముందు పొద్దున ఎనిమిదికే రెండు వందల మంది ఆడవాళ్లు వరుస కట్టారు. ఆయాలు ఆ వరుస వెంట నడుస్తూ మాట్లాడారు. కొందరు మొహం తిప్పుకున్నారు. ఒకామె ఉమ్మేసింది. ఉషా అనే అమ్మాయి రేష్మను నిలదీసింది. "నీకు పని దొరికినాక మాకు నీతులా?"

రేష్మ తన కాగితం ఆమె చేతిలో పెట్టింది. ఉషా చదివింది, పక్కామెకిచ్చింది. అది వరుసలో చేతులు మారుతూ వెనక్కి వెనక్కి పోయింది.

గురుమూర్తి బయటికి వచ్చాడు. "నిన్ను ఇప్పుడే తీసేస్తాండా!" అని రేష్మ మీద అరిచాడు. పోలీసు వ్యాను వచ్చింది. లాఠీలు లేచాయి. మునిరత్నమ్మను వ్యానులోకి తోసినప్పుడు మెట్టు తగిలి నుదురు చిట్లింది. వెనకే వ్యానెక్కించిన రేష్మ తన కొంగును ఆమె గాయానికి అదిమి పట్టింది. రక్తం ఆగలేదు.

"ఏడవొద్దు పాపా. బయట సూడు" అంది మునిరత్నమ్మ.

వ్యాను జాలీలోంచి మండపం మెట్లు కనిపిస్తున్నాయి. గురుమూర్తి జాబితా పట్టుకుని చదువుతున్నాడు. "పుంగనూరు పక్క బడి. ఆయా పోస్టు. ఉషా!"

అది రేష్మ పనిచేసే బడి. ఉషా వరుసలోంచి ఒక అడుగు ముందుకు వేసింది.

"ఆ పనిలో మనిషి ఉండాది సార్" అంది, వ్యాను వైపు చెయ్యి చూపిస్తూ.

"గీత!"

గీత ఉన్నచోటే నేల మీద కూర్చుంది. ఆమె పక్కామె కూర్చుంది. వెనక పదిమంది, వాళ్లతో ఉషా, ఆ వెనక వరుసలో చాలామంది కూర్చున్నారు. కొందరు చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. లోపలికి మాత్రం ఎవరూ పోలేదు. వ్యాను కదిలేసరికి ఆ మండపం ముందు నిలబడి ఉన్నవాళ్లు పోలీసులూ గురుమూర్తే.